తలగుడ్డ కింద పిడుదు

పిడుదుల గురించి నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఏదో పని గుర్తొస్తుంది. మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడుస్తాడు. అన్నం దగ్గర మాత్రం ఆ ఊసు ఎత్తొద్దని మా అమ్మాయి ఖరాఖండిగా చెప్పేసింది. ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా పనిచేసి, ఎన్నో కాన్పులు చూసి, ఇన్ని టీకాలు వేసి, చివరికి నాకు మిగిలిన పేరు ‘పిడుదుల నర్సమ్మ’. రిటైరై కడపలో ఉంటున్నా ఆ పేరు వదల్లేదు. ఆత్మకూరు వైపు నుంచి ఎవరైనా వస్తే బస్టాండులోనే గట్టిగా పిలుస్తారు, పక్కవాళ్ళు నన్ను చూసి కొంచెం జరిగి కూర్చుంటారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిల్లారా, మీ శిక్షణలో ఒక కథ చెబుతున్నారని విన్నాను. ఒక మొండి అత్త, బాలింతైన కోడలు, తలకు కట్టిన గుడ్డ, దాని కింద పిడుదు. అత్త మూఢనమ్మకం వల్ల కోడలి ప్రాణం మీదికొచ్చింది, తెలివైన నర్సమ్మ కాపాడింది. ఆ తెలివైన నర్సమ్మను నేనే. ఆ కథను ఊరూరా తిరిగి చెప్పిందీ నేనే. అందులో సగం చెప్పకుండా మింగేశాను. ఆ సగం ఇప్పుడు చెబుతాను, వినండి.

నా చివరి పోస్టింగు ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఒక పల్లె. మాది కోయిలకుంట్ల వైపు నల్లరేగడి. గేదె చెవుల్లో తప్ప పిడుదును ఎరగను. ఈ పల్లెలో సగం ఇళ్ళకు గొర్రెలే ఆధారం. మగవాళ్ళు మందలతో వారాల తరబడి అడవి అంచున ఉంటారు, పక్క ఊళ్ళ రైతులు పిలిస్తే ఎరువు కోసం వాళ్ళ చేలల్లో మంద కడతారు. పగలు గడ్డిలో నడక, రాత్రి గొర్రెల మధ్యే గొంగడి కప్పుకుని నిద్ర. ఇంక పిడుదులకు అంతకంటే పండగ ఏముంటుంది?

నేను చేరిన ఏడాది కాపరుల్లో కొందరికి విడవకుండా జ్వరం వచ్చేది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, నాలుగైదు రోజులకు అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా ఎర్రని మచ్చలు. మలేరియా కాదు, డెంగీ కాదు. మా ఆరోగ్య కేంద్రానికి అప్పుడే వచ్చిన డాక్టరు మా అబ్బాయి వయసువాడు. ఒక కాపరి నడుము దగ్గర, మొలతాడు కింద, నల్లగా మాడినట్టున్న చిన్న పుండును పట్టుకున్నాడు. పిడుదు కుట్టిన చోటు అది. మందు ఇస్తే జ్వరం తగ్గుతుంది, కానీ ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నాడు. మందు సంగతి నేను చూసుకుంటాను, అసలు కుట్టకుండా చూసే పని మీది మేడం అని నా మీద పెట్టేశాడు.

నేను ఊరుకునే రకమా? చేతిలోకి ఒక పని వస్తే దాన్ని పిప్పి చేసిందాకా వదలను. లేత రంగు బట్టలు వేసుకోండి, పాకుతుంటే కనిపిస్తుంది అన్నాను. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి అన్నాను. ఆత్మకూరు బజారులో తెల్ల సాక్సులు కొని తెచ్చి కాపరులకు పంచాను. ఊరంతా నవ్వింది. ప్యాంటు వేసే కాపరి యాడున్నాడని వాళ్ళ ప్రశ్న. పంచె పైకెగ్గట్టి, తోలుచెప్పులు వేసుకుని, వాటిలో తెల్ల సాక్సులతో ఒక పెద్దాయన ఊరి నడుమ నడిచి చూపించాడు. సాయంత్రానికి సాక్సుల నిండా పల్లేరుకాయలే. మర్నాడు ఆ సాక్సొకటి బీడీలు, అగ్గిపెట్టె దాచుకునే సంచి అయింది. రెండోది మేకపిల్ల నమిలేసింది.

నాకు ఒళ్ళు మండింది, కానీ వాళ్ళ మాటలో న్యాయం ఉంది. మా ఆశా కార్యకర్త ఆ ఊరి పిల్లే, నాకంటే బుర్ర ఉన్నది. మనం చెప్పేది వాళ్ళ నడకకు సరిపోవాలి కదా మేడం అంది. ఇద్దరం కూర్చుని వాళ్ళకు కుదిరే పనులే ఎంచుకున్నాం. మంద నుంచి వచ్చినవాడు గడప దాటకముందే బట్టలు విప్పి వేడినీళ్ళలో వేయాలి. ఒకరినొకరు తడిమి చూసుకోవాలి. చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక, మొలతాడు కింద, చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో. పిడుదు కనిపిస్తే బీడీ చురక పెట్టకూడదు, కిరసనాయిలు పోయకూడదు, గిల్లి పీకకూడదు. ముళ్ళు తీసుకునే చిన్న పట్టకారు వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది. దాంతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా, నిదానంగా నేరుగా పైకి లాగాలి. తర్వాత ఆ చోటు సబ్బుతో కడగాలి. పది రోజుల్లోపల జ్వరం వస్తే పిడుదు కుట్టిందని డాక్టరుకు చెప్పాలి.

ఇది పట్టింది. ఆడవాళ్ళకైతే మరీ నచ్చింది. మొగుణ్ణి గడప బయటే నిలబెట్టి నలువైపులా తిప్పి చూసే అధికారం ఎవరికి చేదు? తాగొచ్చినవాడు కూడా వాకిట్లోనే దొరికిపోయేవాడు. ఆ ఎండాకాలం కాపరులెవరూ ఆ జ్వరంతో రాలేదు. నెలవారీ మీటింగులో డాక్టరు నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆ రోజు నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. పక్క సెంటర్ల వాళ్ళకు నేనే వెళ్ళి పాఠాలు చెప్పేదాన్ని, అడిగినా అడక్కపోయినా.

బయట తిరిగేవాళ్ళ ఒళ్ళు చూడటమే నేర్పాను. వాళ్ళతో పాటు ఇంట్లోకి ఏమొస్తుందో ఆలోచించలేదు. అది నా మొదటి తప్పు. రెండోది ఇంతకంటే పెద్దది.

చలి మొదలైన రోజుల్లో ఆ ఊళ్ళో ఒక చిన్నపిల్లకు తొలి కాన్పు అయింది. పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. పుట్టినింట తల్లి లేదు, అందుకే కాన్పు అత్తగారింటే. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆసుపత్రి నుంచి మూడో రోజు ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రమే పిల్ల మొగుడు మంద దగ్గర నుంచి పరుగున వచ్చాడు, బిడ్డను చూసుకున్నాడు. వాకిట్లో బట్టలు విప్పాడు, నీళ్ళు పోసుకున్నాడు, ఒళ్ళంతా తడిమించుకున్నాడు. అన్నీ నేను నేర్పినట్టే. పోతూ పోతూ తన గొంగడి ఇంట్లో వదిలిపోయాడు, పెళ్ళాం చలికి వణకకూడదని. పిచ్చి నాయన, తనేమో ఆ చలిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ నల్లగొంగడిలో ఏముందో ఎవరు చూశారు?

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. బాలింతకు గాలి సోకకూడదని చెవుల్లో దూది పెట్టి, తల చుట్టూ చెవులు మూసుకునేలా గుడ్డ గట్టిగా బిగించి కడతారు. ఆ ఇంట్లో అయితే పదకొండో రోజు తలకు నీళ్ళు పోసిందాకా అది విప్పరు. నాకూ మా అమ్మ అలాగే కట్టింది. నేను మా అమ్మాయికి కట్టాను. చర్చికి పోయేవాళ్ళమైనా, గుడికి పోయేవాళ్ళమైనా, బాలింత చెవుల విషయంలో మాదంతా ఒకటే మతం.

ఏడో రోజు నేను చూడటానికి వెళ్ళాను. అత్త పొయ్యి దగ్గర వాము వేయిస్తోంది. నా వయసు మనిషే, ఎక్కువ మాట్లాడదు, పని మాత్రం ఎప్పుడూ చేతిలో ఉంటుంది. నేను కుట్లు చూశాను, బీపీ చూశాను, బిడ్డను తూచాను, పాలు పడుతున్నాయా అని అడిగాను. అంతా బాగుంది. లేవబోతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

“మేడం, చెవెనకాల ఒకటే దురద పెడతాండాది. నిన్నట్నుంచీ ఓర్చుకోలేకుండాండా. గుడ్డ ఒకసారి తీసి చూడండి.”

అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గుడ్డ ముడి మీద చెయ్యి వేసింది. విప్పబోతోంది. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“వద్దులేమ్మా, పచ్చి ఒళ్ళు. చల్లగాలి పోతాది. ఇంగ నాలుగు దినాలే కదా, ఓర్చుకో.”

అత్త చెయ్యి తీసేసింది. నర్సమ్మ చెప్పిన తర్వాత ఇంకేముంది? ఊరంతటికీ ‘చెవుల వెనక చూసుకోండి’ అని గొంతు పోయేలా అరిచిన మనిషిని నేను. ఆ పిల్ల చెవి వెనక అని నోటితో చెబితే కూడా నాకు వెలగలేదు. తను బాలింత, మంచం దిగలేదు, అడవికి పోలేదు. పిడుదు అనేది మంచం మీదికి కూడా వస్తుందని నా బుర్రకు తట్టలేదు.

తొమ్మిదో రోజు జ్వరం మొదలైంది. పాలు గడ్డకట్టాయేమో, కుట్లు చీము పట్టాయేమో అని చూశాను. అలాంటిదేమీ లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రక్తపరీక్షలు చేయించి, బాలింత జ్వరానికి ఇచ్చే మందులే ఇచ్చాడు. పదకొండో రోజు వచ్చింది కానీ, జ్వరంలో తలకు నీళ్ళెట్లా పోస్తారు? గుడ్డ అలాగే ఉండిపోయింది. జ్వరం తగ్గలేదు సరికదా, పిల్ల పొంతన లేకుండా మాట్లాడసాగింది. బిడ్డను ఒళ్ళో పెడితే ఎవరి బిడ్డ అన్నట్టు చూసింది. అత్త ఆ మాట చెప్పడానికి నా సెంటరుకు నడిచి వచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పలేక ఏడ్చింది.

పదమూడో రోజు ఉదయం. నేనూ ఆశా వెళ్ళేసరికి పిల్ల కళ్ళు తెరవడం లేదు. అరచెయ్యి పట్టుకుంటే ఎర్రని మచ్చలు. దుప్పటి తీసి అరికాళ్ళు చూశాను, అక్కడా అవే. డాక్టరుకు ఫోను చేశాను. ఆయన ఒక్కటే అడిగాడు. ఒంటి మీద ఎక్కడైనా నల్లని పుండు ఉందా, తల నుంచి కాలి దాకా చూశారా అని.

తల నుంచి అన్న మాట వినగానే నాకు ఏడో రోజు గుర్తొచ్చింది. ఎంత లాగినా ముడి ఊడి రాలేదు. అత్తే పళ్ళతో పట్టి విప్పింది. దూది తీశాం. ఎడమ చెవి వెనక, జుట్టు మొదట్లో, శెనగగింజంత పిడుదు నెత్తురు తాగి ఉబ్బి కూర్చుని ఉంది. దాని చుట్టూ చర్మం నల్లగా కమిలిపోయింది. ఆశా ‘అయ్యో దేవుడా’ అని గోడకు ఆనుకుంది. అత్త మాత్రం నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

పట్టకారుతో దాన్ని నిదానంగా లాగి ఒక ఖాళీ మందు సీసాలో వేసుకున్నాను. పసిబిడ్డను వేలి సందుల్లో కూడా వెతికాను, దేవుడి దయ, ఏమీ లేదు. గొంగడి తెచ్చి వాకిట్లో దులిపితే మరో రెండు పాకాయి. అంబులెన్సు వచ్చింది. దారిలో ఆరోగ్య కేంద్రం దగ్గర డాక్టరు ఎక్కి, సీసా చూసి, అక్కడికక్కడే మందు మార్చి మొదటి మోతాదు ఇచ్చాడు. ఇంకో రెండు రోజులు అయ్యుంటే మన చేతుల్లో ఉండేది కాదు అన్నాడు నాతో, మెల్లగా. అక్కడి నుంచి కర్నూలు దాకా ఆ పిల్ల ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. వచ్చిన ప్రార్థనలన్నీ చేశాను, రానివి కూడా చేశాను.

పెద్దాసుపత్రి వరండాలో బంధువులందరూ చేరారు. పుట్టింటి నుంచి పిల్ల తండ్రి, మేనమామలు, ఊరి ఆడవాళ్ళు. ఎలా జరిగింది అని అందరూ నన్నే అడిగారు. నాకు భయంగా ఉంది. భయం వేసినప్పుడు నాకు కోపం వస్తుంది, ఇది నా పుట్టుకతో వచ్చిన జబ్బు. అత్త మీదికి తిరిగాను.

“ఇంత వయసొచ్చింది, ఒక్కసారి ఆ గుడ్డ తీసి చూసేదానికి నీకు చేతులు రాలేదా?”

వరండా అంతా ఆమె వైపు తిరిగింది. పిల్ల తండ్రి కొట్టినంత పని చేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవారగా పోయి కూర్చుంది. పసిబిడ్డను కూడా ఆమె చేతిలో నుంచి ఎవరో తీసేసుకున్నారు. నేను అడ్డం చెప్పలేదు.

మూడో రోజుకు జ్వరం దిగింది. నాలుగో రోజు పిల్ల లేచి కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. నేను ఆనందంతో ఏడ్చాను, అందరికీ టీలు తెప్పించాను. అంతా మంచిగా ముగిసిందనుకుని నా దారిన నేను ప్రచారం మొదలుపెట్టాను. కొత్త పాఠం ఇది. గొంగడ్లు ఇంట్లోకి తేవొద్దు, ఎండలో పరిచి దులపండి, వేడినీళ్ళలో ఉడికించలేనివాటిని కళ్ళతో వెతకండి, మంచంలో ఉన్నవాళ్ళను కూడా చూడండి, బాలింత తలగుడ్డ రోజూ విప్పి కట్టండి. మంచి పాఠమే. దానికి కథగా ఆ అత్తను వాడుకున్నాను. ప్రతి ఊళ్ళో ఆమెను ఇంకొంచెం మొండిదాన్ని చేశాను. ఒక ఊళ్ళో అయితే ఆమె ముడి విప్పనీయకుండా నాతో కొట్లాడినట్టు కూడా చెప్పానేమో. జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. కథ బాగా పండేది.

నెల తిరిగేసరికి అదే ఊళ్ళో చెప్పాల్సి వచ్చింది. అంగన్‌వాడీ దగ్గర ఆడవాళ్ళు కూర్చున్నారు. వెనక వరసలో ఆ పిల్ల బిడ్డతో ఉంది. అత్త ఒక పక్కగా, అందరికీ కొంచెం దూరంగా కూర్చుంది. పేరు చెప్పకపోయినా ఎవరో అందరికీ తెలుసు. నేను మామూలుగానే మొదలుపెట్టాను. ‘అత్త గుడ్డ విప్పలేదు’ అనే చోటికి వచ్చేసరికి ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. ఏడో రోజు చెయ్యి పట్టుకుని అడిగినప్పుడు ఎలా చూసిందో అలాగే. నీళ్ళు తాగి, ఏదో చెప్పి ముగించేశాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అత్త వాకిట్లో గొంగడి దులుపుతోంది. అప్పటికి ఊళ్ళో ఆమె పరిస్థితి ఏంటో నాకు ఆశా చెప్పింది. పక్కింటి కాన్పుకు ఆమెను రావద్దన్నారట. అంతకుముందు ఆ ఊళ్ళో ఏ బాలింతకు నీళ్ళు పోయాలన్నా ఆమెనే పిలిచేవాళ్ళు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఏడో రోజు వద్దన్నది నేను కదా, నీకు గుర్తుందా అని అడిగాను.

“గుర్తు లేకేం నర్సమ్మా. ముడి మింద ఉన్నింది నా చెయ్యే కదా.”

మరి ఆసుపత్రిలో అంతమంది ముందు నేను తిడుతుంటే ఆ మాట ఎందుకు అనలేదని అడిగాను. ఆమె గొంగడి మడతపెడుతూ, మామూలుగా చెప్పింది.

“నన్ను నాలుగు మాటలంటే పోతాయిలే, నా కోడలు బతికింది, నాకదే శానా. నీ మాట పోయిందంటే మాత్రం రేపు ఈ ఊర్లో పిల్లోళ్ళకు సూది ఏయించేదానికి ఎవురొస్తారు? మళ్ళా సూదంటే తలుపులేసుకునే పాత కతే కదా.”

చదువుకున్నది నేను, చప్పట్లు కొట్టించుకున్నది నేను. నా ఉద్యోగాన్ని నెల రోజులుగా నెత్తిన మోస్తున్నది ఆమె. సిగ్గుతో ఆ వాకిట్లోనే ఏడ్చాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, పక్కన నిలబడింది.

ఆ బుధవారం టీకాల రోజు. ఆశా, డాక్టరు ఇద్దరూ ఉన్నారు. తల్లులందరూ బిడ్డలతో వచ్చారు. సూది చేతిలోకి తీసుకోకముందే లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల నన్ను అడిగిందని, అత్త విప్పబోయిందని, వద్దన్నది నేనని, తప్పు నాదైతే ఆమెను తిట్టానని. డాక్టరు తెల్లబోయి చూశాడు. తల్లులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరో బిడ్డను భుజాన వేసుకుని గుమ్మం వైపు జరిగారు. ఆమె భయపడ్డదే జరగబోతోంది అనుకున్నాను.

అప్పుడు ఆ అత్త వెనక నుంచి జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. నా ఎదురుగా బల్ల మీద కూర్చుని, మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టి, చిన్న తొడ మీద నుంచి గుడ్డ తప్పించి పట్టుకుంది.

“ముందు మా పాపకు ఏయి, నర్సమ్మా” అంది.